కోబ్లేషనా, మామూలు ఆపరేషనా? ఏడేళ్ళ బాబు టాన్సిల్స్ గురించి ఒక తల్లికి జవాబు

ప్రశ్న: డాక్టరు గారూ, మాది మదనపల్లె. ఎనిమిదేళ్ళుగా బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నాం. మా బాబుకి ఏడేళ్ళు, బరువు 19 కిలోలు. రెండేళ్ళుగా రాత్రంతా నోరు తెరుచుకుని గురక పెడతాడు. మధ్యలో ఊపిరి ఆగినట్టయి, ఉలిక్కిపడి అటు తిరిగి పడుకుంటాడు. నిరుడు నాలుగుసార్లు గొంతునొప్పి, జ్వరం వచ్చాయి. ఇద్దరు ఇఎన్‌టీ డాక్టర్లకు చూపించాం. ఇద్దరూ టాన్సిల్స్, అడినాయిడ్స్ తీసేయాలన్నారు. ఒకరు కోబ్లేషన్‌తో చేస్తామని 95 వేలు చెప్పారు. నొప్పి ఉండదు, రక్తం రాదు అన్నారు. ఇంకొకరు మామూలు పద్ధతిలోనే చేస్తారట, 55 వేలు. ఇన్సూరెన్స్ 60 వేల వరకే ఇస్తుంది. డబ్బు చూసుకుని పిల్లవాడిని బాధపెడతానేమోనని టెన్షన్‌గా ఉంది. లేజర్ ఇంకా మంచిదని ఆఫీసులో ఒకరన్నారు. మా అత్తగారేమో కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుందని అసలు ఆపరేషనే వద్దంటున్నారు. దసరా సెలవుల మొదటి రోజే చేయించి, ఐదో రోజున మదనపల్లె మా అమ్మగారింటికి తీసుకెళ్దామనుకుంటున్నాం. ఏ పద్ధతి మంచిదో చెప్పగలరు.
– ఒక తల్లి, మారతహళ్ళి

సమాధానం:

అమ్మా,

డబ్బు చూసుకుని పిల్లవాడిని బాధపెడతానేమో అని మీరు రాసిన మాట దగ్గర కాసేపు ఆగిపోయాను. ముందు ఆ బెంగ తీసేస్తాను. 55 వేల పద్ధతి తక్కువ రకం పద్ధతి కాదు. టాన్సిల్స్‌కి ఏ కొత్త యంత్రం వచ్చినా ఇప్పటికీ ఈ పాత పద్ధతి పక్కన పెట్టే పోల్చి చూస్తారు. మీరు దాన్నే ఎంచుకుంటే బాబుకి ఏ లోటూ చేసినట్టు కాదు. కోబ్లేషన్, అంటే కరెంటు సాయంతో టాన్సిల్‌ని కరిగించి తీసే పద్ధతి, చేయించినా తప్పు లేదు. కాకపోతే "నొప్పి ఉండదు, రక్తం రాదు" అన్న మాట ఏ పద్ధతికీ చెల్లదు. ఆ మాట మీద ఆధారపడి మాత్రం నిర్ణయం తీసుకోకండి.

మీ అత్తగారి మాటను కూడా కొట్టిపారేయను. సగం వరకు ఆవిడ చెప్పింది సరైనదే. గొంతునొప్పుల కోసం టాన్సిల్స్ తీయాలంటే ఒక లెక్క ఉంది. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో జరిగి 1984లో వచ్చిన పరిశోధన నుంచి వచ్చిన లెక్క అది. ఒక ఏడాదిలో ఏడుసార్లు, లేదా వరసగా రెండేళ్ళు ఏడాదికి ఐదుసార్లు, లేదా మూడేళ్ళు ఏడాదికి మూడుసార్లు గట్టిగా గొంతునొప్పి వచ్చి ఉండాలి. అది కూడా జ్వరం, మెడలో బిళ్ళలు, టాన్సిల్ మీద తెల్లటి మచ్చలు లాంటివాటిలో ఏదో ఒకటి డాక్టరు చూసి రాసిపెట్టి ఉండాలి. మీ బాబుకి నాలుగుసార్లే. ఇదొక్కటే అయితే నేనూ ఆగుదామనే చెప్పేవాణ్ణి. చాలామంది పిల్లల్లో వయసుతో పాటు ఇది తగ్గుతుంది.

కానీ మీ ఉత్తరంలో అసలు సంగతి గురక, మధ్యలో ఊపిరి ఆగడం. అది వేరే కథ. గొంతు వెనక రెండు పక్కలా టాన్సిల్స్, ముక్కు వెనక అడినాయిడ్స్ ఉబ్బి, నిద్రలో కండరాలు వదులయ్యేసరికి గాలి దారి మూసుకుపోతోంది. పిల్లవాడు ఊపిరి కోసం రాత్రంతా పెనుగులాడుతున్నాడు. ఏడేళ్ళకి 19 కిలోలంటే కాస్త తక్కువే. అందులో దీని వాటా కూడా ఉండవచ్చు. 2013లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనంలో ఇలాంటి 464 మంది పిల్లల్ని తీసుకుని, సగం మందికి వెంటనే ఆపరేషన్ చేసి, మిగతావాళ్ళని ఏడు నెలలు ఆగి చూశారు. అందరూ ఐదు నుంచి తొమ్మిదేళ్ళ వయసువాళ్ళు. ఆపరేషన్ అయినవాళ్ళలో నూటికి 79 మందికి నిద్రలో శ్వాస పరీక్ష మామూలు స్థితికి వచ్చింది. ఆగి చూసినవాళ్ళలో నూటికి 46 మందికి అదే మెరుగుపడింది. ఏకాగ్రత పరీక్షల్లో పెద్ద తేడా రాలేదు కానీ ప్రవర్తన, నిద్ర, పగటి హుషారు ఆపరేషన్ అయిన పిల్లల్లో బాగుపడ్డాయి. అందుకని ఇద్దరు డాక్టర్లూ ఒకే మాట చెప్పారంటే నాకు ఆశ్చర్యంగా లేదు. బాబు నిద్రపోతున్నప్పుడు ఊపిరి ఆగే క్షణాలు పట్టుబడేలా ఫోన్‌లో వీడియో తీసి ఈసారి వెళ్ళినప్పుడు చూపించండి. పది నిమిషాల మాటలకంటే అర నిమిషం వీడియో ఎక్కువ చెబుతుంది. మీ అత్తగారికి కూడా ఒకసారి చూపించండి. ఆవిడ భయపడేది ఆపరేషన్ గురించే కదా, పిల్లవాడు ప్రతి రాత్రీ పడుతున్న కష్టాన్ని చూసి ఉండరు. ఇమ్యూనిటీ పోతుందేమో అన్న అనుమానం కూడా ఉంటే చెప్పండి, గొంతులో, ముక్కు వెనక, నాలుక మొదట్లో ఇలాంటి కణజాలం ఇంకా చాలా ఉంటుంది. రోగాలతో పోరాడే పని ఆగిపోదు.

ఇక పద్ధతులు. ఆపరేషన్ బల్ల మీద జరిగేది తెలిస్తే తేడా మీకే అర్థమవుతుంది. పూర్తిగా మత్తు ఇచ్చి, నోరు తెరిచి ఉంచే పరికరం పెట్టి, బయట ఎక్కడా కోత లేకుండా నోట్లోంచే చేస్తారు. టాన్సిల్ చుట్టూ ఒక పల్చటి పొర ఉంటుంది. ఆ పొరకీ దాని వెనకున్న గొంతు కండరానికీ మధ్య వదులుగా ఉండే సందు పట్టుకుని, పనసతొనని పీచులోంచి విడదీసినట్టు మొత్తం టాన్సిల్‌ని విడదీయాలి. పాత పద్ధతిలో ఈ పని కత్తెర, చదునైన చిన్న పరికరాలతో చేస్తారు. రక్తం కారే నాళాలను గాజుగుడ్డతో అదిమిపెట్టి, అవసరమైనచోట దారంతో ముడి వేస్తారు. దీన్నే కోల్డ్ స్టీల్ అంటారు, ఎందుకంటే వేడి వాడరు. రెండోది కాటరీ, అంటే కరెంటు వేడితో కోస్తూ, రక్తనాళాన్ని అక్కడికక్కడే మాడ్చేయడం. ఆ కొస దగ్గర వేడి కొన్ని వందల డిగ్రీలు ఉంటుంది. బల్ల మీద రక్తం తక్కువ పోతుంది, పని త్వరగా అవుతుంది. కానీ చుట్టూ కండరం కూడా కొంత కాలుతుంది కాబట్టి తర్వాత నొప్పి ఎక్కువ. మామూలు పద్ధతి అని చెప్పే చాలాచోట్ల ఈ రెండూ కలిపే చేస్తారు. విడదీయడం కత్తెరతో, రక్తం ఆపడం కాటరీతో. మీ 55 వేల డాక్టరు ఏది చేస్తారో అడగండి. అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడవద్దు.

కోబ్లేషన్ ఈ రెండింటికీ మధ్యది. వాండ్ అని ఒక సన్నటి కడ్డీ ఉంటుంది. దాని కొస మీదుగా సెలైన్ నీళ్ళు పారుతుంటాయి. రేడియో తరంగాల కరెంటుతో ఆ ఉప్పునీటి నుంచి పల్చటి ప్లాస్మా పొర పుట్టి, తాకిన కణజాలాన్ని కరిగిస్తుంది. అక్కడి వేడి 40 నుంచి 70 డిగ్రీల మధ్యే. అందుకే చుట్టూ కాలడం తక్కువ, నొప్పి తక్కువ అని చెబుతారు. చెప్పే తర్కం బాగుంది. మరి పిల్లల్లో నిజంగా అంత తేడా కనిపించిందా? 2017లో, వైద్య పరిశోధనల్ని బేరీజు వేసే కోక్రేన్ సంస్థవాళ్ళు అప్పటివరకు వచ్చిన 29 పరిశోధనల్ని కలిపి చూశారు. మొదటి రోజు నొప్పి కోబ్లేషన్‌లో కొద్దిగా తక్కువ. అది కూడా పిల్లవాడికి తెలిసేంత పెద్ద తేడా కాదు. వారం తిరిగేసరికి ఇంచుమించు ఒకటే. కొన్ని రోజుల తర్వాత వచ్చే రక్తస్రావం కోబ్లేషన్‌లో కాస్త ఎక్కువగానే ఉండే అవకాశం కనిపించింది, అయితే ఆ ఆధారం గట్టిది కాదని వాళ్ళే రాశారు.

రక్తస్రావం మాట వచ్చింది కాబట్టి ఇంకో లెక్క చెప్పాలి. ఇంగ్లండ్, ఉత్తర ఐర్లండ్‌లలో 2003 జూలై నుంచి 2004 సెప్టెంబరు వరకు జరిగిన టాన్సిల్స్ ఆపరేషన్లను వరసగా నమోదు చేశారు. దాదాపు 34 వేల మంది. అన్ని పద్ధతులూ కలిపి నూటికి మూడున్నర మందికి తర్వాత రక్తం వచ్చింది. నూటికి ఒకరికి కాస్త తక్కువగా మళ్ళీ ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్ళాల్సి వచ్చింది. వేడి ఏమాత్రం వాడకుండా కత్తెర, దారం ముడులతో చేసినచోట రక్తస్రావం అన్నింటికంటే తక్కువ. కాటరీ, కోబ్లేషన్ వాడినచోట దాదాపు మూడు రెట్లు. అప్పట్లో అక్కడి సర్జన్లకు కోబ్లేషన్ కొత్త, ఇంకా చేయి తిరగలేదు, ఆ సంగతి కూడా చెప్పుకోవాలి. అయినా "పాతది కాబట్టి ప్రమాదం" అన్న మాటని ఆ లెక్క నిలబడనివ్వదు.

చేతికి అలవాటైన పరికరాలు ఎంత ముఖ్యమో చెప్పే సంఘటన కూడా అక్కడిదే. 2001 జనవరిలో మ్యాడ్ కౌ జబ్బు భయంతో ఇంగ్లండ్‌లో టాన్సిల్స్ ఆపరేషన్‌కి ఒకసారి వాడి పారేసే పరికరాలే వాడాలని ప్రభుత్వం ఆదేశించింది. ఉద్దేశం మంచిదే. కానీ రక్తస్రావాలు పెరిగాయని సర్జన్లు మొరపెట్టుకోవడంతో అదే ఏడాది డిసెంబరులో మళ్ళీ పాత పరికరాలకు అనుమతి ఇచ్చారు. అందుకే నేను ఎవరికైనా చెప్పేది, మీ సర్జన్‌కి ఏ పద్ధతి బాగా చేయి తిరిగిందో ఆ పద్ధతిలోనే చేయించుకోండి అని. కోల్డ్ స్టీల్ వేల సంఖ్యలో చేసిన మనిషిని, మీరు అడిగారని కోబ్లేషన్ చేయమనకండి. తిరగేసి కూడా అంతే.

లేజర్ గురించి ఎక్కువ రాయను. అదీ వేడి పద్ధతే. ఏడేళ్ళ పిల్లవాడికి మిగతావాటికంటే ఎక్కువ మేలు చేస్తుందని చెప్పడానికి ఏమీ లేదు. పేరు వినడానికి బాగుంటుంది, అంతే.

మీకు ఇద్దరిలో ఎవరూ చెప్పని దారి ఒకటుంది, అది మీ బాబుకి సరిపోయేలా ఉంది. టాన్సిల్‌ని మొత్తం పెకలించకుండా, చుట్టూ ఉన్న ఆ పొరని లోపల అలాగే వదిలేసి, ఉబ్బిన భాగాన్ని మాత్రం తీసేయడం. లేత కొబ్బరిని చిప్ప తగలకుండా గోకి తీసినట్టు. దీన్ని ఇంట్రాక్యాప్సులర్ అంటారు, టాన్సిలాటమీ అని కూడా అంటారు. ఆ పొర కట్టులాగా కండరాన్నీ పెద్ద రక్తనాళాల్నీ కప్పి ఉంచుతుంది కాబట్టి నొప్పీ తక్కువ, రక్తస్రావమూ తక్కువ, పిల్లలు త్వరగా తింటారు. గాలి దారి తెరుచుకోవడమే మనకి కావలసింది కాబట్టి గురక పిల్లలకి ఇది సరిపోతుంది. లోటు ఏమిటంటే, మిగిలిన ముక్క కొద్దిమందిలో మళ్ళీ పెరిగి, ఇంకోసారి ఆపరేషన్ అవసరం పడవచ్చు. మాటిమాటికీ గొంతునొప్పి వచ్చే పిల్లలకి దీన్ని అంతగా చెప్పం. కోబ్లేషన్ వాండ్‌కి నిజమైన విలువ నా దృష్టిలో ఈ పనిలోనే ఉంది. కాబట్టి 95 వేల డాక్టరుని ఈ ప్రశ్న అడగండి: "పొర ఉంచి చేస్తారా, మొత్తం తీసేస్తారా?" పొర ఉంచి చేసే అలవాటు ఆయనకి బాగా ఉంటే, ఇన్సూరెన్స్ పోగా మిగిలే 35 వేలు మీకు అప్పు చేయకుండా కుదిరితే, పెట్టండి. మొత్తం తీసేయడమే అయితే ఆ డబ్బుతో బాబుకి దక్కేది మొదటి రోజు కాస్త ఊరట. దానికి అంత పెట్టనక్కర్లేదని నా అభిప్రాయం. ఇంకొకటి, వాండ్ ఒక మనిషికి ఒక్కసారి వాడవలసిన వస్తువు, ఖర్చులో పెద్ద భాగం దానిదే. కొత్తది, సీల్ తీసి వాడతారా అని అడిగి, బిల్లులో ఆ పేరు ఉందో లేదో చూసుకోండి.

ఇంకా అడగవలసినవి: పిల్లలకి మత్తు ఇవ్వడంలో అలవాటున్న మత్తు డాక్టరు ఉంటారా, రాత్రి ఆస్పత్రిలో ఉంచుతారా? నిద్రలో ఊపిరి ఆగే పిల్లవాడు కాబట్టి ఆ రాత్రి ఆక్సిజన్ చూసే మానిటర్ మీద ఉంటే నాకు ధైర్యం. పొద్దున చేసి సాయంత్రం పంపేస్తామంటే ఒప్పుకోకండి. ఏడేళ్ళంటే పాలపళ్ళు ఊగే వయసు. ఏ పన్ను కదులుతోందో ముందే చెప్పండి.

ఇంటికొచ్చాక నొప్పి సంగతి. ఏ పద్ధతిలో చేసినా వారం, పది రోజులు నొప్పి ఉంటుంది. మూడో రోజు నుంచి తగ్గుతుందనుకుంటారు, నిజానికి అప్పుడే పెరుగుతుంది. చెవి నొప్పి అని ఏడుస్తాడు. చెవిలో ఏమీ ఉండదు, గొంతుకీ చెవికీ ఒకే నరం వెళ్తుంది కాబట్టి అలా అనిపిస్తుంది. గొంతులో తెల్లటి పొర కట్టి, నోరు వాసన వస్తుంది. అది చీము కాదు, పుండు మానుతున్న గుర్తు. దాన్ని గీకవద్దు. రాసిచ్చిన నొప్పి మందుని ఏడ్చినప్పుడు కాకుండా గడియారం చూసి ఇవ్వండి, మొదటి రెండు మూడు రాత్రులు లేపి అయినా సరే. మందు వేసిన అరగంటకి అన్నం పెట్టండి. మజ్జిగన్నం, మెత్తటి ఇడ్లీ, చల్లారిన రాగి జావ, ఏది దిగితే అది. తిండి కాస్త తగ్గినా ఫర్వాలేదు కానీ నీళ్ళు తగ్గకూడదు, ఎండిన గొంతు ఎక్కువ బాధపెడుతుంది. ఆస్పిరిన్ వద్దు. ఇంట్లో పాత దగ్గు మందు సీసాలుంటే కోడీన్ అన్న పేరు ఉందేమో చూసి పక్కన పెట్టేయండి. పన్నెండేళ్ళ లోపు పిల్లలకి, ముఖ్యంగా టాన్సిల్స్ ఆపరేషన్ తర్వాత, అది ఊపిరి ఆపేయగలదు.

ఇప్పుడు మీరు ఒక్క వాక్యంలో రాసేసి వదిలేసిన విషయం. ఐదో రోజున మదనపల్లె ప్రయాణం. మీ ఉత్తరం మొత్తంలో నన్ను భయపెట్టింది అదే.

మొదటి 24 గంటలు దాటాక వచ్చే రక్తస్రావం ఎక్కువగా ఐదో రోజుకీ పదో రోజుకీ మధ్య వస్తుంది. ఆ తెల్లటి పొర ఊడే సమయం అది. అప్పటికి అందరం గండం గడిచిందనుకుంటాం. నేను పీజీ చదివే రోజుల్లో ఒక అర్ధరాత్రి దాటాక ఆరేళ్ళ పాపని తీసుకొచ్చారు. ఏడో రోజు. సాయంత్రం నుంచి నిద్రలో గుటకలు వేస్తూనే ఉంది. దాహమనుకుని నీళ్ళు పట్టారు. అది మింగుతున్నది రక్తం. నల్లగా కక్కాక గానీ ఎవరికీ తెలియలేదు, అప్పటికి మూడు గంటల దూరంలో ఉన్న ఊళ్ళో ఉన్నారు. పాప బతికింది. వాళ్ళ నాన్న చేతులు తెల్లవారే దాకా వణుకుతూనే ఉన్నాయి. అప్పటి నుంచి ఏ తల్లిదండ్రులకైనా పద్ధతి గురించి చెప్పేముందు ఇది చెబుతాను.

పిల్లల ఒంట్లో రక్తం కిలోకి సుమారు 75 మిల్లీలీటర్లు. మీ బాబుకి మొత్తం 1,400 దాకా. పెద్దవాళ్ళకి ఒక గ్లాసు రక్తం పోవడం వేరు, వాడికి ఒక గ్లాసు పోవడం వేరు. ఉమ్మిలో ఎర్రటి తాజా రక్తం కనిపించినా, నిద్రలో ఆగకుండా గుటకలు వేస్తున్నా, కాఫీ పొడిలాంటి నల్లటి వాంతి అయినా, కూర్చోబెట్టి ముందుకు వంచి, రక్తాన్ని మింగకుండా ఉమ్మించండి. తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వకుండా వెంటనే బయల్దేరండి, మళ్ళీ మత్తు ఇవ్వాల్సి రావచ్చు. దారిలో రక్తం ఆగిపోయినా వెనక్కి తిరగవద్దు. ఒకసారి చిన్నగా వచ్చి ఆగింది కొన్ని గంటల్లో పెద్దగా రావడం ఉంటుంది.

అందుకే ఆపరేషన్ ఏ ఆస్పత్రిలో అన్నదానికి నా మొదటి ప్రశ్న యంత్రం గురించి కాదు. రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే ఎవరెత్తుతారు, గంటలోపు థియేటర్ తెరవగలరా, మీ ఇంటి నుంచి ఎంతసేపు? మారతహళ్ళి నుంచి సాయంత్రం ఏడింటికి సిల్క్ బోర్డ్ కూడలి దాటడం అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. నగరం ఆ చివర ఉన్న పేరున్న ఆస్పత్రి కంటే, వైట్‌ఫీల్డ్ వైపో ఇందిరానగర్ వైపో మీకు త్వరగా చేరగలిగే చోట, రాత్రి కూడా ఇఎన్‌టీ సర్జన్, మత్తు డాక్టరు అందుబాటులో ఉండేది మేలు. ఆపరేషన్‌కి ముందే ఒక సాయంత్రం ట్రాఫిక్‌లో కారులో వెళ్ళి ఎంతసేపు పడుతుందో చూసి రండి.

పద్నాలుగు రోజులు బెంగళూరు దాటకండి. బడి, ఈత, బయట ఆటలు కూడా ఆ రెండు వారాలు వద్దు. ఈ దసరాకి మీ అమ్మగారినే మారతహళ్ళి రమ్మనండి. ఆవిడకి కూడా ఆ గుటకల సంగతి వివరంగా చెప్పండి, రాత్రి బాబు పక్కన మీరిద్దరూ వంతులేసుకుని పడుకోవచ్చు.